మా మామయ్య బెంజి, నేను రాసిన ఒక లైను

2024 నవంబరులో మా మామయ్య తన కారు అమ్మకానికి పెట్టాడు. 2015 మోడల్ బెంజి సి-క్లాస్, డీజిల్, ఏపీ 37 నంబరు. ఆకివీడు దగ్గర చేపల చెరువులు బాగా పండిన ఏడాది కొన్నది. వరసగా రెండు పంటలు దెబ్బతిన్నాక ఇక ఉంచుకోలేకపోయాడు. "ఇంజనీరింగ్ చదువుతున్నావుగా, యాడ్ నువ్వే రాసెయ్ అల్లుడూ" అన్నాడు. నేను చదివేది సివిల్. ఆ తేడా మా ఇంట్లో ఎవరికీ పట్టదు.

నేను రాసిన మొదటి లైను: "వరద నీరు చుక్క కూడా తగలని కారు."

ఎందుకంటే ఆ సెప్టెంబరులోనే బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు కాలనీలన్నీ మునిగాయి. కార్లు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయాయి. ఆ తర్వాత మా వైపు సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి ఎవరొచ్చినా మొదటి ప్రశ్న, "బెజవాడ బండి కాదు కదండీ?" బుడమేరు నీళ్ళు చివరికి చేరేది మా కొల్లేటికే. అనుమానమూ అదే దారిన వచ్చింది.

కానీ నా లైను అబద్ధం. అంతకు కొన్నేళ్ళ ముందు ఓ వానాకాలం కొల్లేరు పొంగి, ఆ కారు చెరువు గట్టు మీద చక్రాల సగం దాకా నీళ్ళలో ఓ రాత్రంతా ఉంది. లోపలికి చుక్క రాలేదు. మామయ్య స్టార్ట్ చేయకుండా ట్రాక్టరుతో లాగించి, బేరింగులు మార్పించి, బ్రేకులు విప్పించి శుభ్రం చేయించాడు. ఆ బిల్లు ఫైల్లోనే ఉంది. "ఆ కాగితం తీసేయండి, ఎవడడుగుతాడు" అన్నాడు బ్రోకరు. తెలివైన సలహా అనే అనుకున్నాను నేను.

గూడెం నుంచి ఉల్లిపాయల వ్యాపారి ఒకాయన మెకానిక్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ మెకానిక్ బానెట్ జోలికే పోలేదు. సీటు బెల్టు చివరిదాకా లాగి మట్టి గీత ఉందేమో చూశాడు. సీటు కింద బోల్టుల మీద టార్చి వేశాడు. డిక్కీలో చాప ఎత్తి వాసన చూశాడు. టైరు మీద నాలుగంకెలు చదివి ఏ వారం, ఏ ఏడాది తయారైందో చెప్పాడు. చివర్న స్కానర్ పెట్టాడు. ఎక్కడా వంక దొరకలేదు. రేటు కూడా కుదిరింది. అప్పుడు ఫైలు అడిగారు.

మామయ్య ఆ కాగితం తియ్యలేదు.

"చుక్క నీరు తగల్లేదని రాశారుగా?" అన్నాడాయన, నా వైపు చూసి. అంతే, ఆ తర్వాత కిలోమీటర్ల రీడింగ్ మీదా అనుమానమే, సర్వీసు బిల్లుల మీదా అనుమానమే. టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

నేను యాడ్ తిరగరాశాను. నీళ్ళ సంగతి మొదటే పెట్టాను, బిల్లు ఫొటోతో సహా. ఫోన్లు సగానికి సగం తగ్గాయి. మూడో వారం ఏలూరాయన ఒకరు కొన్నారు, గూడెం రేటుకి అరవై వేలు తక్కువకి. హాస్టల్లో అందరూ "నిజం చెప్పి మునిగావు" అంటారు. నేనొప్పుకోను. గూడెమాయన పారిపోయింది నీళ్ళని చూసి కాదు, నా లైను చూసి. కారు బాగా చూసుకున్నామని చెప్పుకోవడానికి మా దగ్గరున్న గట్టి సాక్ష్యం ఆ బిల్లే. దాన్నే దాచమన్నారు మమ్మల్ని! పాలిష్ ఎవడైనా కొట్టిస్తాడు, వరదలో మునిగిన కారుకైతే ఇంకా బాగా కొట్టిస్తారు.

బ్రోకరు ఇంకోటి కూడా అన్నాడు: ఫారం 29, 30 మీద ఖాళీగా సంతకాలు పెట్టిచ్చేయండి, పేరు మార్పు తర్వాత చూసుకుంటాం అని. ఇక్కడ మాత్రం నేను అడ్డుపడ్డాను. రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే వాళ్ళే యజమాని, ప్రమాదం జరిగితే పరిహారం వాళ్ళ మెడకే అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అందులో కారు అప్పటికే చాలా చేతులు మారింది, అయినా మొదటాయనే బాధ్యుడయ్యాడు. ఇన్సూరెన్స్ సంగతీ అప్పుడే తేల్చుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ కారుతో పోదు, అది మామయ్యదే.

పేరు మారాకే తాళం, మిగతా డబ్బు అనుకున్నారు. ఆ రెండు వారాలూ కారు మా పెరట్లోనే ఉంది. మామయ్య రోజూ పొద్దున్నే వచ్చి కవరు తీసి, స్టార్ట్ చేసి, కాసేపు ఇంజను చప్పుడు విని, మళ్ళీ కవరు కప్పి వెళ్ళేవాడు.