అమ్మని మిషన్ ఎక్కించబోయి...

"ఒరేయ్, కాలు లాగేస్తోందిరా. నీ మిషనేదో ఎక్కించకూడదూ?" రాత్రంతా బస్సులో కూర్చుని ఊరి నుంచి వచ్చిన అమ్మ అడిగింది. మిషనంటే నా వైబ్రేషన్ ప్లేటు. రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే కాళ్లు బరువెక్కుతున్నాయని ఆఫర్‌లో కొన్నాను. 'రక్తప్రసరణ పెంచుతుంది' అని డబ్బా మీద పెద్దక్షరాలు.

అది పూర్తిగా అబద్ధమేం కాదు. గుండె నుంచి కాళ్లలోకి రక్తం దిగడం తేలికే. తిరిగి పైకి వెళ్లాలంటే పిక్కల కండరాలు సిరల్ని నొక్కాలి. కూర్చుంటే ఆ పంపు దాదాపు ఆఫ్. కింద ప్లేటు సెకనుకి పాతిక ముప్ఫై సార్లు ఊగితే, మనం చెప్పకుండానే కండరాలు బిగుసుకుంటూ వదులవుతుంటాయి. ఆస్ట్రియా పరిశోధకులు 20 మందిని 9 నిమిషాల పాటు 26 హెర్ట్జ్ వైబ్రేషన్ మీద నిలబెట్టి చూశారు. 2001లో ఫలితాలు వచ్చాయి. మోకాలి వెనక ధమనిలో రక్తం సగటు వేగం సెకనుకి 6.5 సెంటీమీటర్ల నుంచి 13కి పెరిగింది. రెట్టింపు! కాకపోతే వాళ్లంతా ఆరోగ్యవంతులు.

అలాగని వైబ్రేషన్ అంతా మంచిదే అనుకోవద్దు. 1918లో డాక్టర్ ఆలిస్ హామిల్టన్ అమెరికాలోని ఇండియానాలో రాళ్లు చెక్కే కార్మికుల చేతులు పరిశీలించారు. గాలి ఒత్తిడితో నడిచే సుత్తులు పట్టీ పట్టీ, చలేస్తే చాలు వాళ్ల వేళ్లు రక్తం అందక తెల్లగా పాలిపోయేవి, మొద్దుబారేవి.

సరే, అమ్మ దగ్గరికొద్దాం. ప్లగ్ పెట్టాను. అమ్మ చీర కాస్త పైకెత్తి నిలబడబోతుంటే చూశా, ఎడమ పిక్క ఒక్కటే వాచింది. ముట్టుకుంటే వేడి. రెండో కాలు మామూలుగానే ఉంది. ఎందుకో అనుమానమొచ్చి అప్పుడు తీశా మాన్యువల్. (డాక్యుమెంటేషన్ చదవరని జూనియర్లని తిట్టేది నేనే!) చివరి పేజీలో చిన్నక్షరాలు: సిరల్లో రక్తం గడ్డకట్టినవాళ్లు, గర్భిణులు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు వాడకూడదు.

ఆస్పత్రిలో డాప్లర్ స్కాన్ తీశారు. పిక్క సిరలో గడ్డే. "ఊపితే ముక్క విడిపోయి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది" అన్నారు డాక్టరుగారు. నాకు చెమటలు పట్టాయి.

అమ్మ ఇప్పుడు రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటోంది. వాపు తగ్గింది. రోజూ సాయంత్రం ఫోన్ చేసి, "కూర్చునే ఉన్నావా, లేచావా?" అని అడుగుతుంది. లేచి నడుస్తూ మాట్లాడతాను.