కాకి వాలితే పండు రాలిందా?

2025 మే 31. హైదరాబాదు హైటెక్స్‌లో 72వ మిస్ వరల్డ్ ఫైనల్. హబ్సిగూడలో మా అక్కావాళ్లింట్లో పొద్దున కాఫీలప్పుడే బావగారు తేల్చేశారు: "ఈసారి మనకే. పోటీ మన ఊళ్లో, మర్యాదలు మనవి, వాళ్లకు కావలసిన మార్కెట్టూ మనదే." రాత్రి చివరి ఎనిమిది పేర్లలో మన దేశం తరఫున నిలబడ్డ నందినీ గుప్తా పేరు వినబడలేదు. ఆయనే అన్నారు: "ఎందుకిస్తారమ్మా? మన మార్కెట్ ఎప్పుడో వాళ్ల చేతికెళ్లిపోయింది. ఇంక మనతో పనేముంది?" గదిలో అందరూ అవునన్నారు. పొద్దున్నటి మాటకూ అవునన్నది వీళ్లే. నాకు కడుపు మండింది.

బావగారిని తప్పుపట్టి లాభం లేదు. ముప్పై ఏళ్లుగా మన సభల్లో, సంపాదకీయాల్లో, రచ్చబండల మీద నలుగుతున్న మాటే ఆయన అన్నారు. 1991లో తలుపులు తెరిచాం, 1994లో సుస్మితా సేన్‌కు మిస్ యూనివర్స్, ఐశ్వర్యా రాయ్‌కి మిస్ వరల్డ్ వచ్చాయి, వెనకాలే విదేశీ లిప్‌స్టిక్కులు దిగాయి. కాబట్టి కిరీటం పెట్టింది కంపెనీలు. చదువుకున్నవాళ్లు కూడా దీన్ని నిరూపణ అక్కర్లేని సత్యంలా చెబుతారు. ఇది అబద్ధమని నా వాదన. అబద్ధమే కాదు, ఆడపిల్లల పట్ల అన్యాయం కూడా.

కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే కాకే రాల్చిందనుకోవడాన్ని మన పెద్దలు కాకతాళీయమన్నారు. కంపెనీలు రావడానికి కిరీటాలు అక్కర్లేదు, 1991లో మారిన నిబంధనలు చాలు. వచ్చాక ఆ కిరీటాలను ప్రకటనలకు వాడుకున్నాయి, అది నిజం. గెలిచినవాళ్లను వాడుకోవడం వేరు, వాడుకోవడానికే గెలిపించడం వేరు. రెండోదానికి ఇంతవరకూ ఎవరూ ఒక్క రుజువు చూపలేదు.

మార్కెట్టే కిరీటాలు పంచితే 1966లో రీటా ఫారియాకు ఎందుకొచ్చింది? ఆ జూన్‌లోనే రూపాయి విలువ తగ్గించుకున్నాం. విదేశీ మారకం చూసి చూసి ఖర్చుపెట్టుకునే రోజులు. ఆ నవంబరులో ఈ బొంబాయి వైద్య విద్యార్థిని అరువు తెచ్చుకున్న చీరలతో లండన్ వెళ్లి మిస్ వరల్డ్ అయింది. ఆ ఏడాది ముగిశాక మోడలింగ్ వదిలేసి మళ్లీ వైద్యంలోకే వెళ్లిపోయింది. ఆమెను గెలిపించి ఇక్కడ ఏ కంపెనీ ఏం అమ్ముకుంది?

ఐస్‌లాండ్ సంగతి చూడండి. దేశం మొత్తం కలిపినా నాలుగు లక్షల మంది లేరు. వరంగల్ నగరంలో సగం. ఆ దేశానికి 1985లో, 1988లో, 2005లో మిస్ వరల్డ్ వచ్చింది. జమైకాకు నాలుగుసార్లు వచ్చింది. వెనిజులాకు మిస్ వరల్డ్ ఆరుసార్లు, మిస్ యూనివర్స్ ఏడుసార్లు. జనాభా పాతిక కోట్లు దాటిన ఇండోనేషియాకు మిస్ వరల్డ్ ఇంతవరకూ ఒక్కసారీ రాలేదు. 2013లో బాలిలో పోటీ పెట్టుకున్నారు, కిరీటం ఫిలిప్పీన్స్ అమ్మాయి మేగన్ యంగ్ పట్టుకెళ్లింది.

ఆతిథ్యమిచ్చిన దేశానిదే కిరీటమన్న మాటా అంతే. చైనాకు 2007లో, 2012లో సొంతగడ్డ మీద వచ్చిన మాట నిజమే, దాన్ని దాచను. మన దగ్గర మూడుసార్లు జరిగింది. 1996 బెంగళూరులో గ్రీసు, 2024 ముంబైలో చెక్, 2025 హైదరాబాదులో థాయ్‌లాండ్. పోనీ 2000 తర్వాత పదిహేడేళ్లు మనకు మిస్ వరల్డ్ రాలేదు. మార్కెట్ చేజిక్కింది కనుక రాలేదంటారు. మరి 2017లో మానుషీ ఛిల్లర్‌కు ఎలా వచ్చింది? బొమ్మ పడినా నాదే, బొరుసు పడినా నాదే అనేవాడితో పందెం కాసి ఏం లాభం? వస్తే మార్కెట్ ఇచ్చిందట, రాకపోతే మార్కెట్ ఇవ్వలేదట. అన్నిటికీ సరిపోయే జవాబు దేన్నీ చెప్పదు.

ఇంతకీ నందినికి ఉన్న అవకాశం ఎంత? ఆ రాత్రి ఇది సరిగ్గా తేల్చింది మా అక్క కూతురు. పదో తరగతి పిల్ల. లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో నాలుగు నిలువు గళ్లు గీసుకుంది: అమెరికా-కరీబియన్, ఆఫ్రికా, యూరప్, ఆసియా-ఓషియానియా. ఒక్కో గడిలో పది పేర్లు. ప్రకటించినకొద్దీ స్కేలు పెట్టి కొట్టేస్తోంది. నలభై మందిలోంచి ఇరవై, అంటే గడికి ఐదుగురు. ఇరవైలోంచి ఎనిమిది, అంటే గడికి ఇద్దరే. తర్వాత గడికి ఒక్కరు.

"పిన్నీ, చూశావా? నందిని వందకు పైగా దేశాలతో పోటీ పడట్లేదు. ముందు వీళ్లతో గెలవాలి," అని థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్ పేర్ల మీద పెన్ను పెట్టింది.

కిటుకంతా అక్కడుంది. ప్రపంచంలోకెల్లా మేటి ఇద్దరూ ఆసియావాళ్లే అయినా చివరి నలుగురిలోకి ఒక్కరే వెళ్తారు. అందాల పోటీ అంటే ఊరూవాడా పడిచచ్చే దేశాలు రెండు ఆ గడిలోనే మన పక్కన ఉన్నాయి. ఫైనల్‌కు ముందు జరిగిన టాప్ మోడల్ పోటీలో ఆసియా-ఓషియానియా విజేత నందినే. ఆ గెలుపు ఆమెను నేరుగా నలభైలోకి చేర్చింది, అక్కడితో దాని పని అయిపోయింది. థాయ్‌లాండ్ అమ్మాయి ఓపల్ సుచాతా మల్టీమీడియా పోటీ గెలిచి అదే నలభైలోకి వచ్చింది. ఆ పైన నడిచేది ఇంటర్వ్యూ, మాట, తాను చేసిన సేవ గురించి చెప్పుకోగలిగిన తీరు. పదహారేళ్ల వయసులో రొమ్ములో గడ్డ తీయించుకున్న పిల్ల ఓపల్. రొమ్ము క్యాన్సర్ మీద అవగాహన కోసం పనిచేస్తూ వచ్చింది. అంతకు ఆరు నెలల ముందే మెక్సికోలో మిస్ యూనివర్స్ చివరి ఐదుగురిలో నిలబడింది. అలాంటి వేదిక మీద ఒకసారి గుండె దడ అణచుకున్న మనిషికి రెండోసారి అది ఎంత బలమో పరీక్ష రాసిన ఎవరికైనా తెలుసు.

అవకాశాలు లెక్కగట్టాలంటే ఇవి చూడాలి. నిబంధనలు, గడిలో ఎదురయ్యేవాళ్లు, అనుభవం, మాట, ఒంటి ఆరోగ్యం కూడా. మన హైదరాబాదు అమ్మాయి మానసా వారణాసి సంగతే తీసుకోండి. ఇంజినీరింగ్ చదివి, ఉద్యోగం చేసుకుంటూ మిస్ ఇండియా గెలిచి 2021 డిసెంబరులో ప్యూర్టోరికో వెళ్లింది. ఫైనల్ ముంగిట కొవిడ్ సోకినవాళ్లలో తనూ ఉంది. పోటీ మూడు నెలలు వాయిదా పడింది. 2022 మార్చిలో మళ్లీ వెళ్లి చివరి పదమూడు మందిలో నిలిచింది. ఆ మూడు నెలలూ ఆ పిల్ల ఒంటినీ మనసునూ ఎలా కూడదీసుకుందో మనలో ఎంతమంది అడిగాం?

మార్కెట్ మాట ఎక్కడికి పోతుందో 2018లో చూశాం. అప్పటి త్రిపుర ముఖ్యమంత్రి బిప్లవ్ దేవ్ ఒక సభలో ఈ వాదనే ఎత్తుకుని, ఐశ్వర్య సరే, డయానా హేడెన్‌కు కిరీటం ఎలా వచ్చిందన్నారు. డయానా మన హైదరాబాదులో పుట్టింది. 1997లో సీషెల్స్‌లో మిస్ వరల్డ్ గెలిచింది. ఇరవై ఏళ్ల తర్వాత కూడా తన చామనఛాయ గురించి సంజాయిషీ చెప్పుకోవలసిన గతి పట్టింది ఆమెకు. ఆ రంగుకు గర్వపడుతున్నానని ఆమె గట్టిగానే జవాబిచ్చింది, ఆయన తర్వాత విచారం వెలిబుచ్చారు. ఆయన నోరుజారారని అందరం అన్నాం. నాకైతే ఆయన మన సిద్ధాంతాన్నే చివరిదాకా నడిపించారనిపించింది. కిరీటం మార్కెట్ ఇచ్చిందన్నాక, ఈ పిల్లకు అర్హత ఉందా అన్న ప్రశ్న ఎంతో దూరంలో ఉండదు. తెల్లగా ఉన్నవాళ్లు దాన్నుంచి తప్పించుకుంటారు, నల్లగా ఉన్నవాళ్లు దొరికిపోతారు.

సుస్మిత 1994 మిస్ ఇండియా పోటీకి వేసుకున్న గౌను గురించి తనే టీవీలో చెప్పింది. డబ్బుల్లేక ఢిల్లీ సరోజినీ నగర్‌లో గుడ్డ కొన్నారు. లంగాలు కుట్టే దర్జీ చేత కుట్టించారు. కొత్త సాక్సు కత్తిరించి చేతి తొడుగులు చేసుకుంది. ఆ సాక్సు కత్తిరించిన తల్లీకూతుళ్ల ముఖం మీద ఇదంతా కంపెనీల నాటకమని ఎలా అనగలం?

ఈ పోటీలను తిట్టొద్దని నేననను. తిట్టవలసినవి కళ్లెదురుగా ఉన్నాయి. 2025 పోటీలప్పుడు రామప్ప గుడి దగ్గర మన ఆడవాళ్ల చేత అతిథుల కాళ్లు కడిగించిన దృశ్యం ఉంది. స్పాన్సర్లకు వినోదంగా కూర్చోబెట్టారని ఆరోపించి మధ్యలోనే వెళ్లిపోయిన ఇంగ్లండ్ ప్రతినిధి మాట ఉంది, నిర్వాహకులు దాన్ని కాదన్నా సరే. ఆడవాళ్ల అందానికి మార్కులు వేయడమేమిటన్న మూల ప్రశ్న ఉంది. వీటిని అడగాలి, పేరుపెట్టి అడగాలి. అంతా ముందే అమ్ముడుపోయిందనేవాళ్లు వీటిలో ఒక్కటీ అడగరు. అమ్ముడుపోయిన చోట అడగడానికి ఏముంటుంది?

ఆ రాత్రి చివరికి నలుగురు మిగిలారు. మార్టినిక్, ఇథియోపియా, పోలండ్, థాయ్‌లాండ్. బావగారు ఆ దేశాల టూరిజం గురించి మాట్లాడుతున్నారు. ఎవరికొస్తుందే అని మా పిల్లను అడిగాను. "థాయ్‌లాండ్," అంది. ఎందుకని అడిగితే నోటుబుక్కు మూసి, మెక్సికోలో ఓపల్‌ను ఏమడిగారో, తనేం చెప్పిందో మొదలుపెట్టింది. నేను టీవీ గొంతు తగ్గించాను.