టవరు కనిపిస్తుంది, మాట వినిపించదు
తీరపు పాలేల సెల్‌ఫోను గోడు ఏ లెక్కలోకీ రాదు

నెల్లూరు: ఇంట్లో సిగ్నలు ఉండదు. మిద్దె ఎక్కితే ఒక గీత, ఇసుక దిబ్బ ఎక్కితే రెండు గీతలు. మాట సగంలో ఉండగా లైను తెగిపోతుంది. కరెంటు పోయిన కొన్ని గంటలకు టవరు కూడా మూగపోతుంది. కావలి మొదలు ముత్తుకూరు వరకు తీరపు మండలాల్లోని పట్టపుపాలేల్లో సెల్‌ఫోను చందాదారుల గోడు ఇది. రీచార్జి గడువు మాత్రం సిగ్నలు ఉన్నా లేకున్నా ఠంచనుగా తీరిపోతుంది. 2024 జులైలో మూడు ప్రైవేటు కంపెనీలూ ధరలు పెంచడంతో ఈ బాధ మరింత ముదిరింది.

క్షేమ సమాచారాలకే అయితే ఓర్చుకోవచ్చును. రొయ్యల గుంటల రైతుకు కౌంటు ధర తెలియాలన్నా, వేటకు పోయిన పడవ ఎప్పుడు ఒడ్డుకు చేరేదీ వ్యాపారికి చెప్పాలన్నా, బ్యాంకు సొమ్ము కదలాలన్నా ఫోనే ఆధారం. ఓటీపీ వచ్చేసరికి దాని గడువు దాటిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం తుపాను హెచ్చరిక. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుపాను నాడు రేడియోయే దిక్కు. ఈనాడు హెచ్చరికలు ఎక్కువగా ఫోనుకే వస్తున్నవి. గాలివానకు కరెంటు తీసివేసిన తర్వాత ఆ ఫోను ఎంతసేపు పనిచేస్తుందన్నదే ఒడ్డున ఉన్నవారి భయం.

ఇందులో కంపెనీల లెక్క కంపెనీలకు ఉన్నది. ఒడ్డున వేసిన టవరుకు ఒక పక్క ఊళ్లు, రెండో పక్క సముద్రం. నీళ్లలో చందాదారులు ఉండరు. ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. దట్టమైన సరుగుడు తోటలు తరంగాలను బలహీనపరుస్తాయి. కరెంటు పోతే బ్యాటరీలు కొంతసేపే ఆదుకుంటాయి, ఆపైన డీజిల్ పోయాలి. రాబడి తక్కువ, ఖర్చు ఎక్కువ. అయితే పట్నంలో వాడినా పాలెంలో వాడినా రీచార్జి ధర ఒక్కటేనన్న సంగతి ఈ లెక్కలో కనిపించదు.

నచ్చకపోతే కంపెనీ మార్చుకోవచ్చునంటారు. నంబరు మారకుండా కంపెనీ మారే సౌకర్యం 2011 జనవరి 20 నుంచి దేశమంతటా ఉన్నది. ఒక్క కంపెనీ సిగ్నలే అందే చోట ఎక్కడికి మారుతారు?

ఫిర్యాదు చేయబోతే మరో తంతు. పూర్వం లైను చెడితే ఎక్స్‌ఛేంజికి వెళ్లి లైన్‌మన్‌ను నిలదీసేవారు. ఇప్పుడు నిలదీయడానికి మనిషి లేడు. 198కి ఫోను చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అనే గొంతు పలుకుతుంది. మనిషి దొరికేలోపు లైను తెగుతుంది. ఆ 198కి చేయాలన్నా ముందు దిబ్బ ఎక్కవలసిందే.

చట్టం చేయబోయిన మేలు కూడా తీరానికి అందలేదు. తెగిపోయిన ప్రతి కాల్‌కు రూపాయి చొప్పున, రోజుకు మూడు రూపాయలకు మించకుండా, చందాదారుకు చెల్లించాలని ట్రాయి 2015 అక్టోబరులో ఆదేశించింది. కంపెనీలు కోర్టుకెక్కగా 2016 మే 11న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. తిరిగి 2024 ఆగస్టులో ట్రాయి కొత్త నిబంధనలు తెచ్చింది. సేవలు 24 గంటలకు మించి నిలిచిపోతే ముందుగా సొమ్ము కట్టినవారికి ఆ మేరకు గడువు పెంచాలి. కానీ ఆ అంతరాయాన్ని లెక్కించేది జిల్లా స్థాయిలో. ఒక పాలెంలో వారం రోజులు ఫోను మోగకపోయినా జిల్లా మొత్తం మాట్లాడుతుంటే అది అంతరాయం కిందికి రాదు. ప్రకృతి వైపరీత్యాల వల్ల నిలిచిపోతే మినహాయింపు కూడా ఉన్నది. అంటే తుపాను ఒడ్డుకు ఈ నిబంధన ఉన్నా లేనట్టే. లెక్కను జిల్లా నుంచి టవరుకు దించాలి. ఏ టవరు ఎన్ని గంటలు ఆగిందో కంపెనీలకు తెలియని సంగతేమీ కాదు.

ఆ మార్పు వచ్చేలోగా మిగిలిన దారి రాతపూర్వకమైనదే. ఫిర్యాదు చేసినప్పుడు ఇచ్చే డాకెట్ నంబరు, తేదీ రాసిపెట్టుకోవాలి. పాలేల్లో చాలామంది చేయనిది ఇదే. పరిష్కారం కాకుంటే 30 రోజుల్లో అదే కంపెనీ అప్పిలేట్ అధికారికి అప్పీలు చేయవచ్చును. ఫీజు లేదు. 39 రోజుల్లో తేల్చాలి. విడి వ్యక్తుల ఫిర్యాదులను ట్రాయి నేరుగా విచారించదు. కేంద్ర టెలికాం శాఖ గ్రీవెన్స్ నంబరు 1063, వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

అక్కడా తేలకపోతే నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషను ఉన్నది. టెలిఫోను వివాదాలు వినియోగదారుల కోర్టులకు రావని 2009లో వచ్చిన తీర్పు వల్ల చాలాకాలం ఆ తలుపు మూసుకుపోయింది. సెల్‌ఫోను కంపెనీలపై ఫిర్యాదులను వినియోగదారుల ఫోరాలు విచారించవచ్చునని 2022 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు అయితే కమిషనులో రుసుము ఉండదు. ఒకే బాధ ఉన్నవారు కమిషను అనుమతితో అందరి తరఫున ఒకే ఫిర్యాదు వేసుకోవచ్చును. డాకెట్ నంబర్లు, రీచార్జి రసీదులు జతపరచవలసి ఉంటుంది.