బెత్తెడు పచ్చిక

మిన్నెసోటాలో కొడుకింట్లో ఆర్నెల్లు ఉండొచ్చిన మిత్రుడొకరు మొన్న కాఫీ తాగుతూ ఒక మాటన్నారు. "నలభై ఏళ్లు గడ్డి పీకాను. అక్కడికెళ్లి గడ్డి విత్తనాలు చల్లొచ్చాను." అందరం నవ్వేశాం. ఆ తర్వాత ఆయన చెప్పిన కబుర్లు మాత్రం ఇంకా మనసులో తిరుగుతూనే ఉన్నాయి.

ఆయనది తెనాలి దగ్గర పల్లె. నాలుగెకరాల మాగాణి. తుంగ, ఊద, గరిక పేర్లు వింటే చాలు, చెయ్యి దానంతటదే పార మీదకు పోయే తరం. అలాంటి మనిషి ముందు ఆగస్టులో కొడుకు ఒక సంచీ తెచ్చిపెట్టి, "ఇంటి ముందు లాన్ పలచబడింది నాన్నా, విత్తనాలు చల్లాలి" అన్నాడట. "గడ్డికి విత్తనాలేమిట్రా? అడక్కుండా వచ్చేదే గడ్డి కదా!"

అక్కడ అడిగినా రాదు మరి. చలికాలంలో సున్నాకు కింద ముప్పై డిగ్రీలకు కూడా దిగిపోయే చోటది. మన గరికను అమెరికా దక్షిణాది వాళ్లు బెర్ముడా గడ్డి అని పేరు పెట్టి ముద్దుగా పెంచుకుంటారు కానీ, మిన్నెసోటా చలికి అది బతకదు. అక్కడ చలికి తట్టుకునే రకాలే దిక్కు: కెంటకీ బ్లూగ్రాస్, సన్నాకు ఫెస్క్యూ, రై గడ్డి. కెంటకీ అన్నది పేరుకే, దాని పుట్టిల్లు యూరప్, ఉత్తర ఆసియా. మండే ఎండలు వీటికి పడవు. గాలి 15 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంటే హాయిగా ఎదుగుతాయి. అందుకే విత్తడానికి ఆగస్టు సగం నుంచి సెప్టెంబరు సగం దాకా మంచి అదను. నేలలో వేడి ఇంకా ఉంటుంది, గాలి చల్లబడుతుంది, కలుపు జోరు తగ్గుతుంది. అదను అనే మాట చెవిన పడగానే మా మిత్రుడికి ప్రాణం లేచొచ్చింది.

విత్తనాలు చల్లే చక్రాల డబ్బా ఒకటి కొడుకు కొనుక్కొచ్చాడు. ఈయన దాన్ని పక్కకు నెట్టి, పంచె ఎగగట్టి, ఒడిలో విత్తనాలు పోసుకున్నారు. సగం తూర్పు పడమరలుగా, తక్కిన సగం ఉత్తర దక్షిణాలుగా వెదజల్లారు. పైపైన మట్టి కదిపి, నారుమడికి తడి అందించినట్టే పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరించారు. నిలవకూడదు, ఆరకూడదు. పక్కింటి ముసలాయన కంచె దగ్గర నిలబడి అంతా చూసి, బొటనవేలు ఎత్తి చూపించి వెళ్లాడట. ఈ ముచ్చట చెప్పేటప్పుడు మా వాడి మొహం చూడాలి!

రై గడ్డి వారంలో మొలిచింది. బ్లూగ్రాస్‌కు మూడు వారాలు పట్టింది. ఈలోగా "విత్తనం మంచిది కాదేమో" అని కొడుకు ఒకటే గాబరా. "అన్నీ ఒక్కరోజే మొలవవురా" అని ఈయన. మధ్యలో వినాయక చవితి వచ్చింది. పత్రిలోకి గరిక లేదు. మనవరాలు వెళ్లి, అప్పుడే లేచిన లేత మొలకలు గుప్పెడు పీకి తెచ్చి దేవుడి ముందు పెట్టింది. కొడుకు ఏదో అనబోతే ఈయన కళ్లతోనే వారించారట.

పెద్దవాళ్లు అంత దూరం వెళ్తే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. పొయ్యి వెలిగించాలన్నా పిల్లల్నే అడగాలి. తలుపు తాళం ఎలా పడుతుందో మనవడు నేర్పాలి. కొడుకును వేలు పట్టుకుని నడిపించినవాడు కొడుకు వెనకాలే నడుస్తాడు. ఎవరి తప్పూ లేదు. కాకపోతే ఆ గడ్డి దగ్గర మాత్రం, చాలా ఏళ్ల తర్వాత, కొడుకు అడిగేవాడూ తండ్రి చెప్పేవాడూ అయ్యారు.

అన్నీ ఈయనకే తెలుసని కాదు. కోసిన గడ్డినంతా బుట్టకెత్తి "ఏ గేదెకు వెయ్యాలి?" అని నిలబడ్డారట. అక్కడ దాన్ని లాన్ మీదే వదిలేస్తారు, కుళ్లి ఎరువవుతుంది. ఎత్తులో మూడో వంతుకు మించి ఒక్కసారే కోయరు. కోశాక మూడంగుళాలు మిగలాలని పక్కింటాయన మూడు వేళ్లు చూపించి చెప్పాడు. "బెత్తెడన్నమాట" అని ఈయన లెక్క కట్టుకున్నారు. గడ్డి కోసే యంత్రాన్ని 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన, మిల్లులో బట్ట మీది నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి చేశాడు. అంతకుముందు కొడవళ్లూ గొర్రెలే. "గొర్రెలే నయం కదా" అని మావాడి అభిప్రాయం.

మేపుల్ ఆకులు రాలి పచ్చికను కప్పేస్తుంటే పోగుచేసి, అక్టోబరు చివర్లో ఆయన తిరిగొచ్చేశారు. మంచు చూడలేదు. ఏప్రిల్లో అది కరిగాక కొడుకు వీడియో కాల్ చేశాడు. లాన్ వరిగడ్డి రంగులో నేలకు అంటుకుపోయి ఉంది. అక్కడక్కడ బూడిదరంగు బూజు చక్రాలు. మంచు కింద ఎలుకల్లాంటివి తిరిగిన దారులు. రోడ్డంచున, మంచు కరిగేందుకు చల్లిన ఉప్పు తగిలి మాడిన చారిక.

"చచ్చిపోయింది నాన్నా."

"గుంజి చూడు. ఊడొస్తోందా?"

"లేదు."

"అయితే బతికే ఉంది. నేల ఆరేదాకా తొక్కకు. ఆరాక బూజు పట్టినచోట పైపైన దువ్వి వదిలెయ్."

ఇదివరకు వాళ్ల ఫోన్లు "తిన్నావా", "ఒంట్లో బాగుందా" దగ్గరే అయిపోయేవట. ఇప్పుడు వాళ్ల సాయంత్రం, మన పొద్దున, గడ్డి గురించి పావుగంట నడుస్తోంది.

కిందటి వారం ఆయన గట్టు మీద గరిక పీకుతుండగా ఫోన్ మోగింది. తెర నిండా పచ్చదనం. "కోయొచ్చా నాన్నా?" "చెయ్యి నిలబెట్టి చూపించు." కొడుకు అరచెయ్యి నిలువుగా గడ్డిలో పెట్టాడు. చిటికెన వేలు కనబడలేదు, ఉంగరపు వేలూ కనబడలేదు. చూపుడు వేలు మాత్రం పైకే కనిపిస్తోంది.

"ఇంకో నాలుగు రోజులాగు" అన్నారాయన, చేతిలో గరిక గుప్పెడు అలాగే పట్టుకుని.