కాఫీ లెక్క నేర్చిన బిడ్డకు మన సంఘంలో చోటుందా?



ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర నుంచి అరకు, పాడేరు, చింతపల్లి వైపు సంతల్లో నన్ను ఆపి అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, మా పిల్ల బాగా చదువుతోంది. అగ్రిబిజినెస్ అంటున్నారు కదా, అందులో చేర్పిస్తే మంచిదేనా?" మంచిదే. కానీ ఆ చదువు వల్ల ఊరికి మేలు జరుగుతుందా లేదా అన్నది కాలేజీ ఒక్కటే తేల్చేది కాదు. అందులో మన సంఘం చేయాల్సిన పని కూడా ఉంది.

ఇప్పుడే ఎందుకు ఆలోచించాలి?

2024లో బ్రెజిల్‌లో వానలు లేక కాఫీ పంట దెబ్బతింది. 2025 ఫిబ్రవరి నాటికి ప్రపంచ మార్కెట్లో అరబికా ధర మునుపెన్నడూ లేనంతగా పెరిగింది. మన దగ్గర గిరిజన సహకార సంస్థ (జీసీసీ) 2024-25 సీజనుకు అరబికా పార్చ్‌మెంటు కిలో 400 రూపాయలకు కొంటామని ప్రకటించింది. అరకు వ్యాలీ అరబికాకు 2019లోనే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. పేరుంది, ధర కూడా వచ్చింది. అయినా ఆ ధరలో ఎంత భాగం మన ఇంటికి చేరింది అని అడిగితే చాలామంది దగ్గర లెక్క లేదు. పంట పండించడం మనకు వచ్చు. తూకం, ధర, అప్పు దగ్గరే మనం నష్టపోతున్నాం. అగ్రిబిజినెస్, గ్రామీణ ఆర్థికశాస్త్రం నేర్పేది ఆ లెక్కే.

ఆ చదువులో ఏముంటుంది? రెండు లెక్కలు చూడండి.

మొదటిది: పండు అమ్మాలా, పార్చ్‌మెంటు చేసి అమ్మాలా? 100 కిలోల పండు నుంచి సుమారు 20 కిలోల పార్చ్‌మెంటు వస్తుంది. వ్యాపారి పండుకు కిలో 60 రూపాయలు ఇస్తానన్నాడనుకోండి. మీ చేతికి 6,000 వస్తాయి. అదే పార్చ్‌మెంటు చేసి కిలో 400కు అమ్మితే 8,000. తేడా 2,000 రూపాయలు. పల్పింగ్, కడగడం, వారం పది రోజులు ఎండబెట్టడం, మోత కూలి అన్నీ కలిపి 2,000 లోపు అయితే పార్చ్‌మెంటు లాభం. దాటితే పండు అమ్ముకోవడమే మేలు. ఎండబెట్టే రోజుల్లో ముసురు పట్టి గింజ రంగు మారితే ధర తగ్గుతుంది, ఆ నష్టాన్నీ లెక్కలో వేసుకోవాలి. రేటు మారినప్పుడల్లా ఈ లెక్క మళ్లీ చేయాలి.

రెండోది: అడ్వాన్సు లెక్క. వానాకాలంలో ఇంట్లో డబ్బు లేక షావుకారు దగ్గర 5,000 తీసుకున్నారు. ఆరు నెలలకు, పంట చేతికొచ్చాక, అతనికే 100 కిలోల పార్చ్‌మెంటు సంత ధర కంటే కిలోకు 20 రూపాయలు తక్కువకు ఇచ్చారు, అప్పు కూడా తీర్చారు. వడ్డీ తీసుకోలేదు, మంచివాడు అనుకుంటాం. కానీ 2,000 రూపాయలు వదులుకున్నాం. 5,000కు ఆరు నెలల్లో 2,000 అంటే నూటికి నెలకు ఆరున్నర రూపాయల పైనే వడ్డీ! డ్వాక్రా సంఘం అప్పుతో పోల్చి చూసుకోండి. మిరియాలు, పసుపు, రాజ్మా విషయంలోనూ ఇదే జరుగుతోంది.

చదివినవాళ్లు ఎందుకు తిరిగి రావడం లేదు?

నేను వ్యవసాయ డిగ్రీ చదివిన రోజుల్లో మాకు పంటల గురించి బాగా చెప్పారు, అమ్మకం గురించి తక్కువ చెప్పారు. ఉద్యోగంలో చేరాక రైతుల దగ్గరే అది నేర్చుకున్నాను. ఇప్పటి పిల్లలకు ఆ ఇబ్బంది లేదు. మరి లోటు ఎక్కడ? పాడేరు వైపు ఒక కుర్రాడు అగ్రిబిజినెస్ పూర్తి చేసి ఊరికి వచ్చాడు. సంఘం వాళ్లు పూలదండ వేశారు, టీ ఇచ్చారు, పని మాత్రం చూపించలేదు. రెండు నెలలు చూసి నగరంలో విత్తనాల కంపెనీలో చేరిపోయాడు. వాళ్ల నాన్న ఇవాళ్టికీ అడ్వాన్సు తీసుకున్న షావుకారుకే కాఫీ ఇస్తున్నాడు. ఆ కుర్రాణ్ని తప్పుపట్టలేను. అతను కూర్చోవడానికి ఊళ్లో కుర్చీ లేదు.

గుజరాత్‌లో దీనికి భిన్నంగా జరిగింది. ఖేడా జిల్లా పాల రైతులు 1946లో సంఘం పెట్టుకున్నారు. దాని నాయకుడు త్రిభువన్‌దాస్ పటేల్. ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో అమెరికాలో చదివిన కురియన్ 1949లో ఆనంద్‌లోని ప్రభుత్వ క్రీమరీలో ఉద్యోగానికి వచ్చారు. ఆయన అక్కడి నుంచి వెళ్లిపోదామనుకున్నప్పుడు త్రిభువన్‌దాస్ ఆపి సంఘం పనిలో పెట్టుకున్నారు. అమూల్ అలా పెరిగింది. చదువుకున్న మనిషిని రైతులే జీతమిచ్చి నిలుపుకున్నారు. తర్వాత కురియన్ ఆనంద్‌లోనే 1979లో గ్రామీణ యాజమాన్య విద్యాసంస్థ స్థాపించారు. 2025లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని త్రిభువన్ సహకారీ విశ్వవిద్యాలయంగా మార్చింది. సహకార సంఘాలకు పనికొచ్చే మనుషులను తయారుచేయడమే దాని ఉద్దేశం. మన్యం నుంచి కూడా అక్కడికి పిల్లలు వెళ్లాలి, తిరిగి రావాలి.

జీతం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇది కూడా లెక్కే. 300 మంది రైతులున్న సంఘంలో ఒక్కొక్కరు 100 కిలోల పార్చ్‌మెంటు ఇస్తే 30,000 కిలోలు. కిలోకు 8 రూపాయలు పక్కన పెడితే ఏడాదికి 2,40,000, అంటే నెలకు 20,000 జీతం. ఆ మనిషి తేమ సరిచూసి, గ్రేడు చేయించి, మూడు చోట్ల ధర అడిగి కిలోకు 8 రూపాయల కంటే ఎక్కువ తేగలిగితే సంఘానికి లాభం. తేలేకపోతే మానుకోవచ్చు. రెండు సీజన్లు గడువిచ్చి చూడండి.

తల్లిదండ్రులు చూసుకోవాల్సినవి

1. బీఎస్సీ అగ్రికల్చర్ నాలుగేళ్ల కోర్సు. ఇంటర్ బైపీసీ తర్వాత ఏపీ ఈఏపీసెట్ రాయాలి. ఎస్టీ రిజర్వేషన్ ఉంది. కుల ధ్రువీకరణ పత్రం, భూమి కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి.

2. ప్రైవేటు కాలేజీ అయితే ఐసీఏఆర్ గుర్తింపు ఉందో లేదో చూడకుండా ఫీజు కట్టకండి. "త్వరలో వస్తుంది" అనే మాట నమ్మవద్దు.

3. డిగ్రీ తర్వాత అగ్రిబిజినెస్ చదవాలంటే ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి తిరుపతి సంస్థ, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మేనేజ్ ఉన్నాయి. బీకాం, ఎకనామిక్స్ చదివిన పిల్లలు కూడా సంఘం లెక్కలు చక్కగా చూడగలరు. వారిని తక్కువ చేయకండి.

4. ఎస్టీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది. దరఖాస్తు గడువు దాటిపోకుండా చూసుకోండి.

5. చదువయ్యాక సొంతంగా పల్పింగ్ యూనిట్, గ్రేడింగ్ కేంద్రం పెట్టాలనుకునే వ్యవసాయ పట్టభద్రులకు అగ్రి క్లినిక్స్, అగ్రి బిజినెస్ సెంటర్ల పథకం 2002 నుంచి ఉంది. 45 రోజుల శిక్షణ ఇస్తారు. బ్యాంకు రుణంపై ఎస్టీలకు, మహిళలకు 44 శాతం రాయితీ పథకంలో ఉంది. దరఖాస్తుకు ముందు బ్యాంకులో ఈ ఏడాది నిబంధనలు అడిగి తెలుసుకోండి.

చదువు పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదు. సెలవులకు వచ్చిన పిల్లలతో ఈ సీజన్ నుంచే ఒక నోటు పుస్తకం రాయించండి. ఎన్ని కిలోల పండు కోశాం, ఎంత పార్చ్‌మెంటు వచ్చింది, కూలి ఎంత, ఎవరికి ఏ ధరకు ఇచ్చాం అన్నవి ఉంటే చాలు. వచ్చే సంఘం సమావేశానికి ఆ పుస్తకం పట్టుకెళ్లి ఒక్క ప్రశ్న అడగండి: "మా పిల్ల చదివి వస్తే ఇక్కడ పనిస్తారా?" దానికి తీర్మానం రాయించి సంతకాలు పెట్టించండి. నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి అడిగితే సంఘం కాదనలేదు.