మైదానానికీ పిట్టగోడ కావాలి



సంక్రాంతి వెళ్లింది. కోతలైపోయి వరిమళ్లు ఖాళీగా ఉన్నాయి. ఏటా ఈ రోజుల్లోనే ఉజ్జీవ సభలకు పందిరి గుంజలు పాతుతాం. ఈ 2022లో మాత్రం కొత్త సంవత్సరంతో పాటు ఒమిక్రాన్ కూడా వచ్చింది. "అయ్యగారూ, మందిరం ఇరుకు గానీ పొలంలో పెట్టుకుంటే భయమేముంది? గాలి ఆడుతుంది కదా" అని పెద్దలూ యౌవనస్థులూ అడుగుతున్నారు. ఇది మంచి ప్రశ్న. మూడు రోజుల సభల కోసం సంవత్సరమంతా ఎదురుచూసే తల్లులు మన మధ్య ఉన్నారు. కనుక తేలికగా అవుననీ అనలేము, కాదనీ అనలేము.

మొదట, అడిగినవారి మాటలో ఉన్న సత్యాన్ని ఒప్పుకుందాం. ఈ రోగం ఎక్కువగా ఊపిరి ద్వారా పాకుతుంది. మనం మాట్లాడినా, పాడినా, దగ్గినా కంటికి కనబడని తుంపరలు బయటికొస్తాయి. తలుపులు మూసిన గదిలో అవి పొగలాగా నిలిచిపోతాయి. ఆరుబయట గాలి వాటిని చెదరగొడుతుంది. పరిశోధకులు అనేక అధ్యయనాలను కలిపి చూసి, రోగం అంటినవాటిలో ఆరుబయట అంటినవి పదో వంతు కంటే తక్కువేనని 2021లో తెలియజేశారు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2020 మార్చి 10న ఒక గాయక బృందం హాలులో కూర్చుని రెండున్నర గంటలు పాటలు సాధన చేసింది. వచ్చినవారు 61 మంది. వారిలో ఒకరికి అప్పటికే జలుబు లక్షణాలున్నాయి. ఆ ఒకరితో కలిపి మొత్తం 53 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు మరణించారు. మూసిన గదిలో పాట ఎంత పని చేయగలదో దీనివల్ల తెలుస్తుంది. కాబట్టి మందిరం కంటే మైదానం మేలన్న మాట నిజమే.

అయితే మేలు వేరు, క్షేమం వేరు. 1918లో ప్రపంచాన్ని ఫ్లూ జ్వరం పట్టుకున్నప్పుడు, సెప్టెంబరు 28న ఫిలడెల్ఫియా పట్టణంలో యుద్ధ నిధుల కోసం పెద్ద ఊరేగింపు తీశారు. వీధుల్లో దాదాపు 2 లక్షల మంది భుజం భుజం రాసుకుంటూ నిలబడ్డారు. తలపైన ఆకాశమే ఉంది. అయినా కొద్ది రోజుల్లోనే ఆసుపత్రులు నిండిపోయాయి. అదే సమయంలో సెయింట్ లూయిస్ పట్టణంలో ఆరోగ్యాధికారి తొందరగానే గుడులూ బడులూ నాటకశాలలూ మూయించాడు, సభలు ఆపించాడు. అక్కడ మరణాల రేటు ఫిలడెల్ఫియా కంటే చాలా తక్కువగా ఉంది. పైకప్పు లేకపోవడం ఒక్కటే కాపాడదు. మనిషికీ మనిషికీ మధ్య ఎంత స్థలముంది, ఎంతసేపు కలిసి ఉన్నాం అన్నది కూడా చూడాలి.

ఇప్పుడు మన సభల సంగతి చూద్దాం. మనం ఆరుబయట సభలు అంటాం గానీ, అందులో ఆరుబయట గడిపే సమయమెంత? పక్క ఊళ్ల నుండి ఒక్కో ఆటోలో పది పన్నెండు మంది ఒకరి ఒడిలో ఒకరు కూర్చుని వస్తారు. మంచు పడుతుందని షామియానాకు మూడు వైపులా గుడ్డలు కట్టేస్తాం. అప్పుడది పందిరి కాదు, గోడలున్న గదే. బాగా వినబడాలని అందరూ ముందుకు జరుగుతారు. వాక్యం అయ్యాక ప్రార్థన కోసం వరుస కడతారు. దైవజనులు ఒకే చేతిని వందల తలలపై ఉంచుతారు. ప్రేమవిందు దగ్గర తోపులాట ఉంటుంది. రాత్రికి తిరిగి వెళ్లలేని అక్కలూ అవ్వలూ బడి గదుల్లో పక్కపక్కనే పడుకుంటారు. ప్రమాదం పొలంలో కంటే పొలానికి వచ్చే దారిలో, తినే చోట, పడుకునే చోట ఎక్కువగా ఉంది.

"అయితే విశ్వాసం ఏమైంది?" అని కొందరు అంటారు. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దూకమని చెప్పింది ఎవరో, వాక్యాన్ని కూడా చూపించి చెప్పింది ఎవరో మనకు తెలుసు. ప్రభువు దూకలేదు. తండ్రి కాపాడతాడని తెలిసి కూడా దూకలేదు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో, కొత్త ఇల్లు కట్టుకున్నవాడు డాబాకు పిట్టగోడ కట్టాలని దేవుడే ఆజ్ఞాపించాడు. ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఇంటిమీదికి వస్తుందన్నాడు. పిట్టగోడ కట్టినవాడిని అవిశ్వాసి అనలేదు. 1527లో విట్టెన్‌బర్గ్‌లో తెగులు వచ్చినప్పుడు మార్టిన్ లూథర్ ఊరు విడిచి పోకుండా రోగుల మధ్యనే ఉన్నాడు. ఆ మనిషే, అవసరం లేని చోటికి వెళ్లి రోగం తెచ్చుకోవద్దని, ఇతరులకు అంటించవద్దని ఉత్తరం రాశాడు. ధైర్యమూ జాగ్రత్తా ఒకే హృదయంలో ఉండగలవు.

"సంతకు లేదు, పెళ్లిళ్లకు లేదు, ఓట్ల సభలకు లేదు, మన సభలకే వచ్చిందా రోగం?" అన్నది ఇంకో మాట. ఈ బాధలో న్యాయముంది. అధికారులు అందరినీ ఒకే కొలతతో కొలవాలి. కానీ పక్కవాడి తప్పు మనకు అనుమతి పత్రం కాదు. పైగా మన సభలకు ఎవరిని పిలుస్తాం? రోగులు రండి, నీరసించినవారు రండి, ముసలివారిని తీసుకురండి అని కరపత్రం మీద మనమే వేయిస్తాం. సంతకు బలమున్నవాడు వెళతాడు. మన పందిరి కిందికి బలహీనుడు వస్తాడు. కాబట్టి మన బాధ్యత సంత కంటే పెద్దది. ఒక కూలి మనిషి పది రోజులు మంచం పడితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఆక్సిజన్ కావాలంటే ఇక్కడి నుండి ఎంత దూరం పోవాలో పోయిన వేసవిలో అందరం చూశాం.

మరి సభలు పెట్టాలా వద్దా? మా అభిప్రాయం ఇది. పెద్ద జనంతో, మూడు రాత్రుల సభలు ఈ నెలలో క్షేమంగా జరపలేము. చిన్నవిగా, పగటిపూట, నిజంగా ఆరుబయట అయితే జరపగలము. మార్కు 6వ అధ్యాయంలో ప్రభువు వేలమందిని కూడా గుంపుగా వదిలేయలేదు. నూరేసి మందిగా, యాభయ్యేసి మందిగా పచ్చిక మీద పంక్తులు తీర్చి కూర్చోబెట్టించాడు. మనం కూడా ఒక్కో వాడకు ఒక్కో ఉదయం, ప్రభుత్వం చెప్పిన సంఖ్యకు లోపల, గంటన్నర కూటం పెట్టుకోవచ్చు. పక్క గుడ్డలు కట్టవద్దు. కుటుంబానికీ కుటుంబానికీ మధ్య ఎడం ఉంచుదాం. మాస్కులతోనే పాడుదాం. చేతులుంచకుండా, ఎవరున్న చోటే వారికోసం ప్రార్థిద్దాం. భోజనం పొట్లాలు కట్టి ఇంటికి పంపుదాం. జ్వరమో దగ్గో ఉన్నవారు ఇంట్లోనే ఉంటే, ఫోన్లో వాక్యం వినిపిద్దాం. రెండో డోసు వేయించుకోనివారు ఆశా కార్యకర్తను కలవండి. టీకా వేయించుకున్నా రోగం అంటవచ్చు, అంటించవచ్చు. కానీ ప్రాణం మీదికి వచ్చే ప్రమాదాన్ని అది బాగా తగ్గిస్తుంది.

ఇవి పాటించలేకపోతే వాయిదా వేద్దాం. వాయిదా అవమానం కాదు. మొదటి నెలలో పస్కా ఆచరించలేనివారికి దేవుడు సంఖ్యాకాండము 9వ అధ్యాయంలో రెండో నెల ఇచ్చాడు. హిజ్కియా రాజు కాలంలో జనమంతా కలిసి రెండో నెలలోనే పస్కా చేశారు. దేవుడు వారి ప్రార్థన ఆలకించాడు. పండుగ కంటే మనుషులు ముఖ్యమని ఆయన ఎప్పుడో తేల్చి చెప్పాడు.

ఇంకొక మాట. సభల కోసం మీరు పిడికెడు బియ్యంతో, కూలి డబ్బుల్లోంచి తీసిన కానుకలతో కూడబెట్టినది కొంత ఉంది. షామియానాకూ పెద్ద మైకు సెట్టుకూ అయ్యే ఖర్చు ఈసారి ఉండదు. ఆ సొమ్మును మంచాన పడిన ఇళ్లకు సరుకులుగా పంపితే, అదీ ఉజ్జీవమే. దీనిపై వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత, మందిరం బయట వేపచెట్టు కింద, ఎడం ఎడంగా కూర్చుని పెద్దలతో మాట్లాడుకుందాం. వేరే అభిప్రాయం ఉన్నవారు తప్పక వచ్చి చెప్పండి.

మంద అంతటినీ పేరుపేరునా ఎరిగిన మంచి కాపరి మన ఇళ్లను కాచును గాక. వచ్చే ఏడు సభలకు ఒక్క చోటు కూడా ఖాళీ కాకుండా అందరినీ ఆయన నిలుపును గాక. ఆమేన్.