కంప్యూటర్ మొరాయిస్తే గాభరా పడకండి

ఈ వారం కాసేపు వంటింట్లోంచి హాల్లోకి వద్దాం. టీవీ పక్కన ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పుకుని కూర్చున్న కంప్యూటర్ సంగతి మాట్లాడుకుందాం. "మనకెందుకులే, పిల్లలు చూసుకుంటారు" అని పేజీ తిప్పెయ్యకండి. మా అమ్మాయి పెళ్లయి బెంగళూరు వెళ్లింది, అబ్బాయి హాస్టల్లో ఉన్నాడు. మావారికి దాన్ని చూస్తేనే చిరాకు. ఇక ఆ పెట్టెకి దిక్కు నేనే. మీలో చాలామంది ఇళ్లల్లోనూ ఇదే వరస అయి ఉంటుంది.

మాది వనస్థలిపురం. కంప్యూటర్ 2017లో కొన్నాం, విండోస్ 10తో. 2025లో దసరాకి ముందు ఒకరోజు కరెంటు బిల్లు కడదామని తెరిస్తే, తెరమీద చుక్కలు గిర్రున తిరుగుతూ "అప్‌డేట్ జరుగుతోంది, కంప్యూటర్ ఆపవద్దు" అని ఇంగ్లీషులో వచ్చింది. ముప్పై శాతం దగ్గర గంటసేపు కదల్లేదు. ఆ తర్వాత "పూర్తి చేయలేకపోయాం, చేసిన మార్పులు వెనక్కి తీస్తున్నాం" అంది. కాసేపటికి ఏమీ ఎరగనట్టు మామూలుగా తెరుచుకుంది. మర్నాడూ అదే తంతు. ఆ మర్నాడూ అంతే.

నాలుగో రోజు మావారు సీపీయూని ఆటోలో వేయించి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక రిపేరు షాపుకి తీసుకెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. ఆ కుర్రాడు మూత కూడా విప్పలేదు. "ఫార్మాట్ కొట్టేద్దాం ఆంటీ, ఐదొందలు" అన్నాడు.

"అందులో ఉన్నవి పోవు కదా బాబూ?"

"సీ డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి. డెస్క్‌టాప్ మీద ఉన్నవీ పోతాయి."

నా గుండె గుభేలుమంది. మా అత్తగారు 2021లో పోయారు. అంతకు ముందు ఏడాది ఆవిడ చింతకాయ తొక్కు నూరుతూ కొలతలు చెబుతుంటే మా అబ్బాయి ఫోనులో రికార్డు చేశాడు. ఫోను పాడయ్యే ముందు దాన్ని కంప్యూటర్‌లో వేసి పెట్టాడు, సరిగ్గా ఆ డెస్క్‌టాప్ మీదే. ఆవిడ గొంతు మాకు మిగిలింది ఆ పదకొండు నిమిషాలే. ఇంకెక్కడా లేదు. "వద్దులే బాబూ" అని పెట్టె మళ్లీ ఆటో ఎక్కించాను. దారంతా మావారు మాట్లాడలేదు. ఆటో డబ్బులు రెండువైపులా దండగైందని ఆయన కోపం.

ఇంటికి రాగానే మొదట చేసిన పని చెబుతాను, మీరూ మొదట అదే చేయండి. అప్‌డేట్ విఫలమైనా కంప్యూటర్ మామూలుగా తెరుచుకుంటోందంటే మీ ఫైళ్లకి ఇంకా ఏమీ కాలేదన్నమాట. ఆ అవకాశం ఉండగానే ఫొటోలు, రికార్డులు, పిల్లల సర్టిఫికెట్లు ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తుకోండి. నేను రెండింటిలోకి ఎత్తాను. ఒకటి బీరువాలో పెట్టాను, ఒకటి అమ్మాయికి పంపాను. ఆ తర్వాతే రిపేరు.

అబ్బాయి ఫోనులో ఉండి చెబుతుంటే నేను చూస్తూ వెళ్లాను. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ అనే చోట, వెనకటి అప్‌డేట్ల పట్టిక ఉంటుంది. విఫలమైన దాని పక్కన ఒక నంబరు వేసి ఉంటుంది. అది చూసి భయపడకండి, డాక్టరు చీటీ లాంటిదే. ఆ నంబరు కాగితం మీద రాసుకుంటే సగం పని అయినట్టే. మా దానికి వచ్చింది 80070070. అంటే చోటు చాలడం లేదని అర్థం. చూస్తే సీ డ్రైవ్‌లో మూడు జీబీ ఖాళీ ఉంది!

ఇడ్లీ పిండి గిన్నె అంచుదాకా పోసి పులియబెడితే పొద్దున్నకి ఏమవుతుంది? గట్టంతా పిండే. అప్‌డేట్ కూడా అంతే. కొత్త ఫైళ్లు దించుకోవాలి, విప్పుకోవాలి, ఒకవేళ చెడితే వెనక్కి వెళ్లడానికి పాతవి పక్కన దాచుకోవాలి. పెద్ద అప్‌డేట్ అయితే ఇరవై జీబీ దాకా ఖాళీ ఉంచమంటారు. ఆ "వెనక్కి తీస్తున్నాం" అన్న మాట చూసి నేను ఏడుపు మొహం పెట్టాను గానీ, నిజానికి అది మన మంచికే. దాచుకున్న పాతవే మళ్లీ సర్దుకుంటోందన్నమాట.

చోటు ఎలా దొరికిందంటారా? అమ్మాయి పెళ్లి వీడియో డెస్క్‌టాప్ మీద రెండుసార్లు కాపీ అయి ఉంది. ఒకటి తీసేశాం, రెండోది డీ డ్రైవ్‌లోకి మార్చాం. రీసైకిల్ బిన్ ఖాళీ చేశాం. సెట్టింగ్స్‌లో స్టోరేజ్, అందులో టెంపరరీ ఫైల్స్ అని ఉంటుంది, అక్కడ పనికిరానివి టిక్కు పెట్టి తీసేయవచ్చు. ఒక్క జాగ్రత్త: ఆ పట్టికలో డౌన్‌లోడ్స్ అనే పేరు కూడా ఉంటుంది. దానికి టిక్కు పెడితే మీరు దించుకున్న బిల్లులు, హాల్‌టికెట్లు అన్నీ పోతాయి.

చోటు ఉన్నా అప్‌డేట్ కాకపోతే? ప్రింటరు, పెన్‌డ్రైవ్‌లు అన్నీ పీకేసి, ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి. కుడివైపు మూల గడియారం సరిగ్గా ఉందా చూడండి. పాత కంప్యూటర్లలో లోపల గుండీ బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్ 2032 అంటారు. అది అయిపోతే తేదీ ఎక్కడికో వెనక్కి పోతుంది. తేదీ తప్పితే అప్‌డేట్ పంపేవాళ్ల గుర్తింపు పత్రాన్ని కంప్యూటర్ నమ్మదు. బ్యాటరీ ఖరీదు తక్కువే. అదీ కాదంటే సెట్టింగ్స్‌లో ట్రబుల్‌షూట్ అనే చోట విండోస్ అప్‌డేట్‌ని ఎంచుకుంటే, సగం దిగి పాడైన ఫైళ్ల సంగతి చాలావరకు అదే చూసుకుంటుంది.

కరెంటు సంగతి మరచిపోకండి. మా ఇంట్లో ఇన్వర్టరు ఉందిగానీ కంప్యూటర్ ప్లగ్గుకి ఆ లైను లేదు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే నిజంగానే పాడవుతుంది. అందుకని వానా గాలీ లేని రాత్రి చూసుకుని మొదలుపెట్టాను. పాత హార్డ్ డిస్కు అయితే గంటలకొద్దీ పడుతుంది. కదలడం లేదని స్విచ్ ఆపేయకండి. సీపీయూ మీద చిన్న లైటు మినుకు మినుకు మంటోందంటే లోపల పని జరుగుతున్నట్టే. నేను మినప్పప్పు నానబోసి, చీరలకి ఫాల్స్ కుట్టుకుంటూ కూర్చున్నాను. రాత్రి రెండు దాటాక తెరుచుకుంది. ఈసారి "వెనక్కి" అన్న మాట లేదు.

అన్నిసార్లూ తప్పు మనదే కాదండోయ్. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి పంపిన ఒక భద్రతా అప్‌డేట్ చాలామందికి 80070643 అనే నంబరుతో ఆగిపోయింది. మనం చూడని మరమ్మతుల అర ఒకటి డిస్కులో ఉంటుంది, అందులో 250 ఎంబీ ఖాళీ లేకపోవడమే కారణం. అదే ఏడాది జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన తప్పు ఫైలుకి ప్రపంచంలో 85 లక్షల కంప్యూటర్లు నీలం తెర వేశాయి. మన శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అంతటివాళ్లకే తప్పలేదు!

మరొక మాట. "మీ కంప్యూటర్ పాడైంది, ఈ నంబరుకి ఫోన్ చేయండి" అని తెరమీద వస్తే చేయకండి. అసలు తప్పు సందేశాల్లో ఫోన్ నంబరు ఉండదు. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగాయి. మా కంప్యూటర్ ప్రాసెసర్ పాతది, విండోస్ 11 దాని మీద పెట్టమంటే ఒప్పుకోలేదు. ఇళ్లల్లో వాడుకునేవాళ్లు పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు ఇస్తామని 2025లోనే ప్రకటించారు. మాకు డబ్బు కట్టే పని లేకుండా నమోదు అయింది. ఆ తర్వాత కొత్తది కొనాలని నేను, ఎందుకని మావారు. ఇంకా తెమల్లేదు.

ఆ రికార్డు మొన్న మళ్లీ విన్నాను. మధ్యలో ఆవిడ "ఉప్పు చూసి వెయ్యి, నీ చెయ్యి భారం" అని నన్ను దెప్పడం కూడా ఉంది. వచ్చే వారం అది వింటూ చింతకాయ తొక్కు కొలతలు రాస్తాను. రోలు లేనివాళ్లు మిక్సీలో ఎలా తిప్పుకోవాలో కూడా చెబుతాను.